రెండో చుక్క వద్దు

శీలార్ సాహెబ్ కొట్లో కుర్చీ లేదు.
కందుకూరు బస్టాండు వెనక
గొడుగులు బాగుచేసే బంకు పక్కన
నిలబడే వాసన చూడాలి.
అద్దాల బీరువాలో మల్లె, మొగలి, వట్టివేరు
ఎండకి రంగు పోయి వరసగా ఉన్నాయి.
"గట్టిది కావాల సాయిబూ,
దేన్నయినా కప్పేసేది" అన్నా.

కింది అరలో నల్లగుడ్డ విప్పాడు.
చిటికెనవేలంత సీసా.
లోపల తారు లాంటిది,
వంచితే బద్ధకంగా కదిలింది.
"పూల అత్తరు మనిషి కంటే ముందే వచ్చిద్ది, అమ్మే.
ఇది మనిషి లేచిపోయినాక
ఆ గదిలో కూర్చుంటది."

ఎట్లా పూసుకోవాలో చెప్పాడు,
మాత్రలు ఎప్పుడేసుకోవాలో చెప్పే కాంపౌండరు లాగా:
నీళ్లు పోసుకున్నాక, ఒళ్లు పూర్తిగా ఆరకముందే.
తెల్లచీర మీద పడనీయొద్దు, మరక పోదు.
మణికట్లు రెండూ కలిపి రుద్దొద్దు,
రుద్దితే పై వాసన నలిగి చచ్చిద్ది.
జడ కింద, మెడ వెనక, గాజుపుల్లతో తాకించు.
రోహిణి కార్తెలో పగలు దీని జోలికి పోవద్దు,
మన ఎండకి అరిచిద్ది.
వాన వెలిసిన మాపటేళ అయితే
గుసగుసగా మాట్లాడిద్ది.
మొదటి అరగంట నీకు నచ్చదు.
ఆసుపత్రి దూది వాసన.
కడుక్కోవద్దు.

"మరి రెండో చుక్క?"
"వద్దు.
నీకు అందడం మానిందంటే
పక్కోళ్లకి అందతన్నట్టు."

చెయ్యి చాచమన్నాడు. చూసి ఆగాడు.
నా వేళ్ల సందుల్లో నలుపు
గోరింటాకుతో వచ్చింది కాదు.
ఇరవయ్యారు సీజన్లు
గ్రేడింగు షెడ్లో ఆకు విప్పి, రంగు చూసి,
వేరుచేసి, చెక్కు పెట్టిన చేతులు.
పెళ్లికి పోవాలంటే ముందురోజు నించీ
చింతపండు, ముగ్గుపిండి, కిరసనాయిలు.
అయినా బంతిలో పక్కనామె
విస్తరి కొంచెం అటు జరుపుకునేది.

పుల్ల తాకించాడు. నిలబడ్డా.
రెండు పామూరు బస్సులు పోయినాయి.
దూది వాసన పోయింది.
గుగ్గిలం వచ్చింది. జాపత్రి.
బెల్లం అడుగంటిన మూకుడు.
ఆ కింద ఇంకేదో,
నేను ఎరిగిన తలుపు సందు.

బ్యారన్‌లో అయిదో రాత్రి.
సరుగుడు కట్టె మంటకి గొట్టాలు ఎర్రబడి
కర్రలకి వేలాడే ఆకు పచ్చదనం మరిచి
నిమ్మపండు రంగుకి తిరిగే జాములో
ముఖానికి కొట్టే ఆ వేడి.
మా నాయన లోపలికి చూసేవాడు కాదు.
గుమ్మం దగ్గర ఒకసారి గాలి పీల్చి
"పండింది, మంట తగ్గించండి" అనేవాడు.

"ఇందులో పొగాకు ఉందా?"

చక్కెర తింటూ దొరికిన పిల్లోడి లాగా నవ్వాడు.
"అగరు అస్సాముది.
కస్తూరి, పేరుకి.
ఆకు మాత్రం ఇక్కడిదే, మూడేళ్లు నూనెలో ఉంది.
మద్రాసు నించి వచ్చి కొనకపోతారు.
ఏం ఆకని ఎవరూ అడగలా."

ధర చెప్పాడు. నా పదకొండు రోజుల కూలి.
బేరం ఆడలేదు.
బెండకాయల దగ్గర ఆడతా, దీనికి ఆడలేదు.
కొంగు ముడి విప్పేటప్పుడు మాత్రం
నవ్వొచ్చింది, ఆపుకున్నా.

ఆదివారం మా చెల్లెలు మనవడి బారసాల.
ఈసారి చింతపండు నానేయలా.
నీళ్లు పోసుకుని, ఒళ్లు ఆరకముందే,
జడ ఎత్తి, మెడ వెనక.
పామూరు బస్సులో కిటికీ పక్క సీటామె
ముక్కు ఎగబీల్చి నా వైపు తిరిగింది.
జరగబోతోంది అనుకుని
నేనే ముందు జరిగా.
ఆమె ఇటే జరిగింది.
"ఏం పూసుకున్నారక్కా?"
"ఆకు" అన్నా.
"తమలపాకా?"
కండక్టరు వచ్చాడు. చిల్లర వెతుక్కున్నా.

వలేటివారిపాలెం దాటేసరికి
నాకు వాసన అందడం మానింది.
సంచిలో చెయ్యి పెట్టి
సీసా మూత తడిమి చూశా.
తియ్యలేదు.